వేడినీళ్ళ తొట్టిలో ముత్తాతలు

మనిషి పేరు చెబితే చాలు, వాళ్ళ ముత్తాత ఏం దొంగిలించాడో చెప్పేసేది హాల్బెరా మామ్మ. ఆవిడకున్న అలవాటు అదొక్కటే. పింఛను ఆలస్యమైతే పోస్టుమాస్టరు తాతగారు బయటికొచ్చేవాడు. రొట్టె మాడితే రొట్టెలు కాల్చేవాడి నాయనమ్మ వచ్చేది. జూన్ నెలలో మంచు పడిందంటే టీవీలో వాతావరణం చెప్పే కుర్రాడి వంశమంతా వరసగా వచ్చి నిలబడాల్సిందే. ఐస్‌లాండ్‌లో ఉన్న జనమే కాస్త, అందులో అందరూ అందరికీ ఏదో ఒక వైపు నుంచి చుట్టాలే. అందుకని ఆవిడకి సరుకు కొరవడిన రోజంటూ లేదు.

ఎనభై దాటాక ఒకనాడు కారు తీసుకెళ్ళి చర్చి ప్రహరీగోడకి గుద్దింది. పాస్టరుగారు పరుగెత్తుకుంటూ వచ్చాడు.

"మామ్మగారూ, దెబ్బలేమైనా తగిలాయా?"

"నాకేం తగల్లేదుగానీ, ఈ గోడ కట్టించింది మీ తాతగారే కదూ?"

"అవునండీ."

"అదీ సంగతి. చందాల్లో సగం నొక్కేసిన మనిషికి కొలతలేం తెలుస్తాయి? గోడని తీసుకొచ్చి రోడ్డు మీద పెట్టాడు."

పాస్టరుగారు మంచివాడు. తాతగారి తరఫున క్షమాపణ చెప్పుకుని, కారు వెనక్కి తోసి, మామ్మని ఇంటిదాకా దిగబెట్టి వచ్చాడు. తర్వాత లైసెన్సు పోయింది. కారు తాళాలు బొజేనా చేతికొచ్చాయి.

బొజేనాది పోలండ్. చేపల ఫ్యాక్టరీలో పనికని సెల్వీక్ ఊరొచ్చి, మామ్మ ఇంట్లో కింది వాటా అద్దెకి తీసుకుని అక్కడే స్థిరపడిపోయింది. మధ్యాహ్నం దాకా ఫ్యాక్టరీకి వెళ్ళక్కర్లేదు గనక రోజూ పొద్దున్నే మామ్మని ఈతకొలనుకి తీసుకెళ్ళేది. ఆ చలికాలంలోనే ఆమెకి పౌరసత్వం వచ్చింది. జూన్‌లో దేశాధ్యక్షుడి ఎన్నిక. జీవితంలో మొదటిసారి ఈ దేశంలో ఓటెయ్యబోతోంది. ఎవరితోనూ అనలేదుగానీ, ఆ శనివారానికని నీలంరంగు గౌను ఇస్త్రీ చేసి పెట్టుకుంది.

పార్లమెంటు రాజధానిలో ఉంటే ఉండొచ్చు, సెల్వీక్ ఊరి రాజ్యాంగం మాత్రం ఈతకొలను పక్కనున్న వేడినీళ్ళ తొట్టిలోనే నడిచేది. తలల మీద చినుకులు పడుతుంటే, మెడలదాకా వేడినీళ్ళలో కూర్చుని లోకాన్ని కడిగిపారేసేవాళ్ళు. అన్నింటికీ పెదవి విరిచే బాధ్యత స్తూర్లాది. ఆయన ఒకప్పుడు పడవ కెప్టెను. కొట్టు నడిపే స్వావాకి అనుమానాల శాఖ ఉండేది. వంశచరిత్రలు, చెప్పేదేముంది, మామ్మవి.

"తొమ్మిదిమంది నిలబడ్డారట. తొమ్మిదిమందీ దొంగలే," అన్నాడు స్తూర్లా. "అయినా అధ్యక్షుడికి పనేముందని? మొక్క నాటడం, పక్కదేశం రాజుగారితో భోంచెయ్యడం. ఆ మాత్రానికి ఓట్లెందుకు, ఆకలేస్తున్నవాణ్ణి ఒకణ్ణి పంపిస్తే సరిపోతుంది."

"ఆ పోటీలో గుర్రాలు పెంచే ఆయన ఉన్నాడే," అంది స్వావా, "అతను టీవీలో తొడుక్కున్న స్వెట్టరు చూశారా? చేత్తో అల్లింది కాదు, మిషను మీద అల్లింది. ఇంట్లో స్వెట్టరు అల్లిపెట్టేవాళ్ళు ఒక్కరూ లేని మనిషి దేశాన్నేం చూసుకుంటాడు?"

"మరి ఆ లాయరమ్మ?" అన్నాడు స్తూర్లా.

"ఆవిడ పళ్ళు మరీ తెల్లగా ఉన్నాయి. నాకు నమ్మకం లేదు."

"పళ్ళదేముందే," అంది మామ్మ కళ్ళు మూసుకునే. "వాళ్ళ ముత్తాత పక్కింటివాళ్ళ పొట్టేలుని తోలుకొచ్చి, ఎవరిదో తెలియడానికి చెవికి కోసిన గుర్తు మార్చేసి, వాళ్ళకే అమ్మాడు. కొన్నవాళ్ళు, 'అచ్చం మా పొట్టేలులాగే ఉందండీ' అని మురిసిపోయారు కూడా."

తొట్టి ఘొల్లుమంది. లాయరమ్మ పళ్ళ సంగతి అక్కడితో అందరూ మర్చిపోయారు.

ఒకరోజు అభ్యర్థుల్లో ఒక ప్రొఫెసరుగారు ప్రచారానికొచ్చి, సరాసరి తొట్టిలోకే దిగాడు. ఈతలాగుతో ఉన్న మేధావిని సెల్వీక్‌వాళ్ళు అంతకుముందు చూడలేదు. పాపం ఆయన పొట్ట లోపలికి పీల్చుకుని, రాజ్యాంగం గురించి మొదలుపెట్టాడు. అధ్యక్షుడు చట్టం మీద సంతకం పెట్టనంటే ఏమవుతుందో చెప్పబోతున్నాడు. ఆ సంగతి అక్కడ ఎవరికీ తెలియదు, తెలుసుకోవాలని కూడా లేదు.

"ఎవరి మనవడివి బాబూ నువ్వు?" అని అడిగింది మామ్మ.

ఆయన చెప్పాడు.

"ఓహో! చుట్ట నోట్లో పెట్టుకుని గడ్డివాము మీద నిద్రపోయిన ఆయన మనవడివా! మూడు ఇళ్ళ గడ్డి బూడిదైపోయింది కదయ్యా!"

"మా తాత దర్జీ అండీ. పట్నం దాటి వెళ్ళనేలేదు. ఆయన గడ్డి ముట్టుకున్నట్టు నాకు తెలియదు."

"ఎలా ముట్టుకుంటాడు? ఒకసారి కాలింది కదా మరి!"

ప్రొఫెసరు పొట్ట వదిలేసి పగలబడి నవ్వాడు. రాజ్యాంగం నీళ్ళల్లో కలిసిపోయింది. అప్పటిదాకా, "పట్నంవాడు, మనల్ని చూస్తే చులకన" అని గొణిగిన స్వావా, ఆయన బయటికెళ్తుంటే తువ్వాలు తెచ్చి ఇచ్చింది.

పోలింగు దగ్గరపడింది. ఆ గురువారం బొజేనా ధైర్యం చేసి నోరు విప్పింది. అన్నాళ్ళూ ఆమె తొట్టిలో నవ్వడమేగానీ మాట్లాడింది తక్కువ.

"నాకు ఆ ఆస్పత్రి నడిపినావిడ నచ్చిందండీ. టీవీలో ఏదో అడిగితే, నాకు తెలియదు, తెలుసుకుని చెబుతాను అంది."

"తెలియనివాళ్ళు కావాలంటే అంతదూరం ఎందుకు, ఈ తొట్టినిండా ఉన్నాం," అన్నాడు స్తూర్లా. అందరూ నవ్వారు, బొజేనా కూడా నవ్వింది. ఆయన అక్కడితో ఊరుకుంటే బాగుండేది. "అయినా అమ్మాయ్, మా సంగతులు నీకేం తెలుసు? ఇక్కడ నీకు తాతా లేడు, ముత్తాతా లేడు. చేపలు కొయ్యడానికొచ్చావు, కోసుకో. అధ్యక్షుడి గొడవ నీకెందుకు?"

స్వావా ఆకాశంలోకి చూసింది. మామ్మ నీళ్ళు చిమ్మే గొట్టానికి నడుం ఆనించి కళ్ళు మూసుకునే ఉంది. ఎప్పుడూ లేచే ఆవిడ నోరు కూడా అప్పుడు లేవలేదు. బొజేనాకి అదే ఎక్కువ గుచ్చుకుంది. ఇంటికొచ్చి గౌను మడతపెట్టి పెట్టె అడుక్కి తోసేసింది. పౌరసత్వం కాయితం ఇచ్చినవాళ్ళకి లేని అభ్యంతరం వీళ్ళకెందుకని కోపం వచ్చింది. కాసేపటికి కోపం పోయి ఏడుపొచ్చింది. వీళ్ళ ఓట్లు వీళ్ళే వేసుకోనీ అనుకుంది.

శనివారం పొద్దున మామ్మ టోపీ పెట్టుకుని కారెక్కి కూర్చుంది. బొజేనా ఫ్యాక్టరీకి వేసుకెళ్ళే పాత స్వెట్టరుతోనే వచ్చింది.

"మిమ్మల్ని ఓట్లేసే బడి దగ్గర దింపుతాను మామ్మగారూ. వేసి రండి. నేను కార్లో కూర్చుంటాను."

"ఏం, నువ్వెయ్యవూ?"

"నేను వెయ్యకపోతే ఏం మునిగిపోతుంది?"

బడి దగ్గర దిగాక మామ్మ, "మోకాలు పట్టేసింది, మెట్లెక్కించు," అంది. ఎక్కాక, "కళ్ళు తిరుగుతున్నాయి, వరసలో నిలబెట్టు," అంది. నిన్నటిదాకా గుంజలా నిలబడ్డ మనిషికి ఒక్కసారి ఇన్ని జబ్బులు ఎలా వచ్చాయో బొజేనాకి అర్థం కాలేదు.

వరసలో వాళ్ళ ముందరే స్వావా ఉంది. స్వావా ముందు, ఓటెయ్యడం శుద్ధ దండగని నెలరోజులుగా ఊదరగొట్టిన స్తూర్లా, మెడకి టై కట్టుకుని నిలబడ్డాడు. బొజేనాని చూసి మొహం పక్కకి తిప్పుకున్నాడు.

"ఒరే స్తూర్లా," అంది మామ్మ ఊరందరికీ వినబడేట్టు. "ఈ పిల్లంటే నీకు గిట్టకపోవడంలో తప్పేం లేదులే. ఎన్ని తరాలు గడిస్తే మాత్రం ఆ బూట్ల సంగతి మర్చిపోతారా ఎవరైనా?"

"ఏ బూట్లు అక్కా?"

"మీ ముత్తాతవిరా! సీలు జంతువు తోలు బూట్లు. అప్పుడెప్పుడో పోలండ్ ఓడ మన ఇసకతిన్నె మీద బద్దలైతే, అందులో వంటవాడొకడు ఈదుకుంటూ ఒడ్డుకొచ్చాడు కదూ. మీ ముత్తాత ఇంట్లో పెట్టుకుని చలికాలమంతా తిండిపెట్టాడు. మంచు కరగగానే వాడు ఆ బూట్లు తొడుక్కుని ఉడాయించాడు. ఆ వంటవాడు ఎవరనుకున్నావు? దీని ముత్తాతే!"

బొజేనా నోరు తెరిచింది. మామ్మ ఆమె మోచెయ్యి గిల్లింది. నోరు మూసుకుంది.

"అయ్యో, మా అమ్మ చెప్పేది ఆ సంగతి!" అంది స్వావా. ఊళ్ళో తనకి తెలియని సంగతి ఉందని ఒప్పుకోవడం స్వావా చేతకాదు. "కొత్త బూట్లట కదూ?"

"కొత్తవే," అంది మామ్మ.

సొంత ముత్తాత గురించి తనకన్నా పక్కవాళ్ళకే ఎక్కువ తెలియడం స్తూర్లా భరించలేకపోయాడు. "కొత్తవి కాక పాతవా?" అన్నాడు గట్టిగా. "ఒక్క పూటైనా తొడుక్కోలేదు ఆయన. ఆ ఏడాదంతా చర్చికి ఒట్టికాళ్ళతో వెళ్ళాడట పాపం. చిటికెనవేలు కూడా పోయింది."

"రెండు వేళ్ళని మా అమ్మ అనేది," అంది స్వావా.

"ఒకటే! మా ఇంటి వేలు నాకు తెలియదా?"

వరస కదిలింది. జనమంతా తలలు తిప్పి బొజేనా వంక చూస్తున్నారు. పరాయిదాన్ని చూసినట్టు కాదు, పాత బాకీ ఉన్న చుట్టాన్ని చూసినట్టు చూస్తున్నారు. వెనక నుంచి ఎవరో, "బూట్లవాళ్ళ అమ్మాయిని ముందు పోనివ్వండర్రా, మామ్మని మోస్తూ నిలబడింది," అన్నారు. కారు నడిపేది గనక బొజేనా లైసెన్సు సంచిలోనే ఉంది. చూపించింది. ఓటు కాయితం ఇచ్చారు. పాత స్వెట్టరుతోనే గుడ్డ చాటుకెళ్ళి, దారం కట్టిన పెన్సిలుతో ఆస్పత్రి నడిపినావిడ పేరు పక్కన అడ్డంగా నిలువుగా రెండు గీతలు గీసింది. గీతలు తిన్నగానే వచ్చాయి.

కార్లో కూర్చున్నాక అడిగింది.

"మామ్మగారూ, మా ముత్తాత తేనెటీగలు పెంచుకునేవాడు. కొండల్లో. సముద్రం మొహం కూడా చూసి ఎరగడు."

"నాకు మాత్రం ఏం తెలుసే పిల్లా."

"మరి ఆ లాయరమ్మ వాళ్ళ పొట్టేలు?"

"ఏమో. మంచి పొట్టేలు."

"ప్రొఫెసరుగారి గడ్డివాము? చర్చి చందాలు? అన్నీ అబద్ధాలేనా?" బొజేనా కారు రోడ్డు పక్కన ఆపేసింది.

"స్తూర్లా తన పడవ రాళ్ళెక్కించిన సంగతి నీకు తెలియదు," అంది మామ్మ. "పట్టపగలు. కునుకు తీశాడు వెధవ. పడవ పోయింది, దాని మీద బతికేవాళ్ళకి ఆ ఏడాది కూడు పోయింది. ఊళ్ళో ఒక్కరు పలకరిస్తే ఒట్టు. ఇంట్లోంచి బయటికి రావడం మానేశాడు. నాకు భయమేసింది. తొట్టిలో కూర్చుని అన్నాను, వాడిదేం తప్పర్రా, వాళ్ళ తాతకీ ఇదే జబ్బు, పడవెక్కితే నిద్రొస్తుంది, రక్తంలో ఉంది అని. సాయంత్రానికి ఊరంతా ఆ తాతని తిట్టుకున్నారు. మర్నాడు వీణ్ణి భోజనానికి పిలిచారు."

"ఆ తాతకి నిజంగానే..."

"గొర్రెలు కాసుకునేవాడు. పడవెక్కితే ఒట్టు." మామ్మ టోపీ సర్దుకుంది. "ఊరన్నాక ఎవర్నో ఒకర్ని తిట్టుకోకుండా ఉండలేరు. పోయినవాళ్ళకి ఏం నొప్పి? బతికున్నవాళ్ళు మర్నాడు పొద్దున్నే అదే తొట్టిలో ఎదురెదురుగా కూర్చోవాలి. నీకా, ఇక్కడ తిట్టుకోవడానికి ఒక్క తాతైనా లేకపోయె. ఎలా బతుకుతావే ఇక్కడ? పోనియ్, ఆకలేస్తోంది."

ఆదివారం ఫలితాలొచ్చాయి. ఆస్పత్రి నడిపినావిడ ఎక్కడో ఆరోస్థానంలో తేలింది. బొజేనాకి బాధేసింది. ఆ బాధ తన సొంతమైనందుకు కాస్త గర్వంగా కూడా అనిపించింది.

మర్నాడు తొట్టిలోకి దిగేసరికి స్తూర్లా ముందే వచ్చి కూర్చుని ఉన్నాడు. చాలాసేపు గొంతు సవరించుకున్నాడు.

"అమ్మాయ్, ఆ బూట్ల సంగతి ఆలోచించాను. తప్పు మీవాడిది కాదు, మావాడిదే."

"అదేమిటండీ?"

"చలికాలమంతా ఇంట్లో ఉన్న మనిషిని, కాళ్ళకేమైనా కావాలా అని ఒక్కసారైనా అడగొద్దూ? అడిగి ఉండడు. పైగా, 'పరాయివాడివి, మా సంగతులు నీకెందుకు' అని కూడా అని ఉంటాడు." ఆయన నీళ్ళ వంకే చూస్తున్నాడు. "మా వంశంలో ఆ నోటిదురుసు ఉందమ్మా. నాకు తెలుసు."

 

"పోనీలెండి," అంది బొజేనా. "మా వంశంలో చేతివాటం ఉంది."

మామ్మ కళ్ళు మూసుకునే ఉంది, పెదవులు మాత్రం కదిలాయి. స్తూర్లా ఇంత మొహం చేసుకుని నవ్వి, వేడినీళ్ళు బాగా తగిలే మూల ఆమెకి వదిలిపెట్టి పక్కకి జరిగాడు.

"సరేగానీ, ఆ ఓడిపోయినావిడలో అంత నచ్చిందేముందమ్మా నీకు? చెప్పు, వింటాం."

బొజేనా చెప్పింది. ఒక్కరు కూడా ఒప్పుకోలేదు. ఆస్పత్రి నడిపినంత మాత్రాన అన్నాడు స్తూర్లా, ఆ జుట్టేమిటి ఆ జుట్టు అంది స్వావా. బొజేనా ఊరుకోలేదు, మాటకి మాట అంది. ఆ పొద్దున తొట్టిలో ఉన్నవాళ్ళంతా ఆమె మీద పడి గొంతులు చించుకుని పోట్లాడారు. సెల్వీక్ వచ్చాక బొజేనాకి అంత హాయిగా గడిచిన పొద్దు మరొకటి లేదు.