కొక్కెం లేని ఫ్రేము

2022 వేసవి. నంద్యాలలో, మహానందికి పోయే దారిలో నా ఫ్రేముల అంగడి. పదో తరగతితో చదువు ఆగిపోయింది. అంగుళాల లెక్కంతా పని చేస్తూ నేర్చుకున్నదే. మా దగ్గరికి ఎక్కువగా వచ్చేవి దేవుళ్ల పటాలు, పోయినవాళ్ల ఫోటోలు.

ఒక మధ్యాహ్నం బనగానపల్లె వైపు పల్లె నుంచి కుమ్మరి మద్దిలేటి, ఆయన భార్య సుంకులమ్మ వచ్చారు. ఆమె సంచిలోంచి చుట్టిన కాగితం తీసింది. పెన్సిల్ బొమ్మ. సారె ముందు వంగి కుండ చేస్తున్న మద్దిలేటి. ఎవరో చదువుకునే అమ్మాయి రోజంతా పక్కన కూర్చుని గీసిచ్చిందట.

"తాకినప్పుడల్లా చెరిగిపోతాండాది నాయనా. చూడు, బొటనవేలు అప్పుడే పోయింది. అద్దంలో పెట్టియ్యి," అందామె.

"గోడకెక్కిస్తే నేను పోయినట్టే గదప్పా! రేపు బొట్టు పెడతాది, ఎల్లుండి పూలదండ," అన్నాడు మద్దిలేటి.

"నీ మొగానికి పూలదండ ఒకటి తక్కువ!"

నేను స్కేలు పట్టుకుని వంగాను. కొలవడం మరిచిపోయాను. సారెకు గుండ్రటి గీత లేదు. పలచని గీతలు ఒకదాని మీద ఒకటి, మొదలెక్కడో తెలియదు. చూసేకొద్దీ తిరుగుతున్నట్టే ఉంది. కుండ మూతి ఒకవైపు వేళ్ల మధ్య లేస్తోంది, రెండోవైపు తెల్లకాగితంలో కరిగిపోయింది. రోడ్డు మీది లారీల మోత ఎటో పోయింది. తడిమట్టి వాసన వచ్చిందంటే నవ్వుతారు, కానీ వచ్చింది.

పెన్సిల్ చెరగకుండా ఉండాలంటే మౌంట్ వేయాలి. బొమ్మ చుట్టూ పెట్టే మందపాటి అట్ట అది, అద్దాన్ని కాగితానికి తగలనివ్వదు. కింది అంచు పావు అంగుళం ఎక్కువ వదలాలి, లేదంటే బొమ్మ జారిపోతున్నట్టు ఉంటుంది. ఇదంతా నాకొచ్చిన పనే. ఆయన భయం తీర్చడమెట్లా?

"పెద్దాయనా, కొక్కెం కొట్టను. వెనక కాలు పెడతా, బల్ల మీద నిలబడుకుంటాది. గోడకెక్కనిదానికి దండ యాడ వేస్తారు?"

ఆయన నవ్వాడు. "అట్లయితే సారె పక్కన పెట్టుకుంటా. నా పని ఆ బొమ్మలోవాడు చూస్తాంటాడు, వాని పని నేను చూస్తాంటా."

పోయిన ఏడాది సుంకులమ్మ ఒక్కతే వచ్చింది. మద్దిలేటి పోయి నెల దాటిందని చెప్పి, ఫ్రేము బల్ల మీద పెట్టింది. నేనేమీ అడగకుండానే సొరుగులోంచి కొక్కెం తీశాను.

"అది వద్దు నాయనా. అద్దానికి మట్టి పట్టిండాది, తుడిచియ్యి, సాలు." బొమ్మలోని కుండను వేలితో చూపించింది. "కుండ ఇంకా సారె మీదనే ఉండాది గదా. దించినాక చూస్తాంలే, దండ సంగతి."

తుడిచిచ్చాను. అప్పటినుంచి ఎవరు బొమ్మ తెచ్చినా, స్కేలు తీయకముందే ఒకటి అడుగుతున్నాను: "దీన్ని యాడ పెట్టుకుంటారు?"