బత్తాయి పుల్లగా ఉందన్న రోజు

మొన్న సాయంత్రం ఎల్బీ నగర్ మెట్రో మెట్లు దిగి వస్తుంటే, కింద తోపుడు బండి దగ్గర ఒకావిడ బత్తాయి తొన రుచి చూసి "పుల్లగున్నయ్ గదయ్యా" అని బండివాడితో పేచీ పెట్టుకుంటోంది. అది విని నాకు నవ్వాగలేదు. నలుగురూ చూస్తున్నారని మావారు మోచేత్తో పొడిచారు గానీ, పండు పుల్లగా ఉందని అనగలగడం ఎంత అదృష్టమో ఆవిడకేం తెలుసు?

నేను బడిలో టీచరుగా రిటైరైన మరుసటి ఏడు సంగతి ఇది. కొత్తపేట పండ్ల మార్కెట్టును ఊరి బయట బాటసింగారానికి తరలించిన రోజులు. మన వయసువాళ్లంతా కాశీ, రామేశ్వరం అంటూ టిక్కెట్లు తీసుకుంటుంటే నేను మంచం ఎక్కాను. జ్వరం లేదు, నొప్పి లేదు, ఇంట్లో ఏ లోటూ లేదు. పొద్దున్నే లేవాలంటే ఏడుపు రావడం, ఏం తిన్నా మన్ను నమిలినట్టుండడం, అంతే. మావారు దిల్‌సుఖ్‌నగర్‌లో మానసిక వైద్యుడి దగ్గరికి తీసుకెళితే ఆయన డిప్రెషన్ అని చెప్పి మాత్రలు రాశారు, మా కృష్ణా జిల్లా చుట్టాలకు మాత్రం బీపీ అని చెప్పుకున్నాం. మాత్రలతో ఏడుపు తగ్గింది, నిద్ర పట్టింది, కానీ దేనిమీదా ఇష్టం తిరిగి రాలేదు. ఇక మిగిలిన రోజులన్నీ ఇలాగే గడిచిపోతాయేమోనని లోపల్లోపల భయపడేదాన్ని.

అప్పుడు వచ్చింది పక్కింటి వదిన. నల్గొండ మనిషి, పిలిస్తే వీధి చివరి దాకా వినబడే గొంతు. వాళ్లాయన బత్తాయిల వ్యాపారి, మార్కెట్టు తరలిపోయాక రోజూ అంత దూరం పోయిరావడం ఆయనకు పెద్ద పనైపోయింది. ఆ జాగా ఎక్కడుందో నడిచి చూడాలని వదినకు బుద్ధి పుట్టింది, తోడుకు నన్ను పట్టుకుంది. "గోలీ ఏసుకున్నవా వదినా? గట్లయితే చెప్పులేసుకో, పా" అనేది, రోజూ అదే మాట. నేను లేవలేని రోజుల్లో ఒక్క హితబోధా చెయ్యకుండా, నా మంచం పక్కనే కూర్చుని చిక్కుడుకాయలు ఒలుచుకునేది.

ఒక్కరోజులో అంత దూరం నడిచే ఓపిక ఇద్దరికీ లేదు. అందుకని హైవే పక్కన చాతనైనంత నడిచి, అక్కణ్నుంచి బస్సులో ఇంటికి వచ్చి, మర్నాడు మళ్లీ అక్కడే దిగి మొదలుపెట్టాలని వదిన పద్ధతి పెట్టింది, మధ్యలో ఒక్క అడుగు కూడా వదలకూడదని పట్టుదల. మొదటిరోజు ఎల్బీ నగర్ చౌరస్తా దాటేసరికే నా కాళ్లు మొరాయించాయి. వనస్థలిపురం దాటాక ఒకరోజు రెండు స్టాపుల మధ్య టైర్ల దుకాణం ముందు ఆగిపోయాం. మర్నాడు బస్సు ముందుకెళ్లి దింపితే, ఆ దుకాణం దాకా వెనక్కి నడిచి, అక్కణ్నుంచి మళ్లీ ముందుకు బయల్దేరాం. మేమేదో పారేసుకున్నామనుకుని దుకాణంవాడు పాపం నేలంతా వెతికాడు. హయత్‌నగర్ వచ్చేసరికి పొద్దున్నే చెప్పులేసుకుని వదిన కంటే ముందు నేనే గుమ్మంలో నిలబడడం మొదలైంది.

ఆఖరికి ఒకరోజు దుమ్ము కొట్టుకుపోయి బాటసింగారం మార్కెట్టులోకి అడుగుపెట్టాం. "గీడికెట్ల ఒచ్చిండ్రు?" అని వాళ్లాయన నోరు తెరిచాడు. నడుచుకుంటూ వచ్చామంటే నమ్మలేదు గానీ, గబగబా బత్తాయి కోసి నా చేతిలో పెట్టాడు. తొన నోట్లో వేసుకున్నానో లేదో, "ఇది పుల్లగా ఉందండీ అన్నయ్యగారూ, తియ్యనివి లేవా?" అనేశాను. ఆయన మొహం చిన్నబోయింది. "నా బత్తాయి పులుపా?" అని కుప్పకొక కాయ తెచ్చి కోస్తుంటే, వదిన మాత్రం నలుగురిలో చప్పట్లు కొట్టి అరిచింది: "పులుపు తెలిసింది! మా వదినకు పులుపు తెలిసింది!" నేను ప్రతి కాయకూ వంక పెడుతూ, ఒక్కటీ వదలకుండా తిన్నాను. కాయల కింద పరిచిన గడ్డి మీదే కూలబడి ఇద్దరం పొట్ట పట్టుకుని నవ్వాం, నవ్వుతూనే నేను ఏడ్చాను, ఎన్నాళ్లకో హాయిగా.

రుచి మరిగినవాళ్లం ఊరుకుంటామా? ఆ తర్వాతి చలికాలం అదే పద్ధతిలో చౌటుప్పల్ దాటి, చిట్యాల దగ్గర వదిన పుట్టిన ఊరిదాకా నడిచేశాం. ఇప్పుడు వాళ్లు హయత్‌నగర్ వెళ్లిపోయారు. మేం నడిచిన రోడ్డు సగం ఫ్లైఓవర్ల కిందికి పోయింది. ఆ జబ్బు కూడా పూర్తిగా పోలేదు, అప్పుడప్పుడూ తొంగిచూస్తుంది. చూసినప్పుడు దాచుకోను, వైద్యుడికీ వదినకూ ఫోను చేస్తాను.

అయినా ఈ కాలమే మంచిదనిపిస్తుంది. మా చిన్నప్పుడు మా అమ్మ ఏడాదిలో కొన్నాళ్లు అన్నం మానేసి, జుట్టు కూడా దువ్వుకోకుండా చీకటి గదిలో పడుకునేది. గాలి సోకిందని తాయెత్తు కట్టారు, గది తలుపు దగ్గరగా వేశారు, పిల్లల్ని అటు పోనివ్వలేదు. అప్పటికి అమ్మకు ముప్పై ఏళ్లు కూడా నిండలేదు, తోడు వచ్చేవాళ్లుంటే ఎంత దూరమైనా నడవగలిగేది.