బిగించి చుట్టిన తీగ

మా ఇంటికి ఎలిమినేటర్ వచ్చింది నా పొదుపు వల్లే. నా కొడుకు దాన్ని పిసినారితనం అనేవాడు. ట్రాన్సిస్టరు రేడియోకి నాలుగు బ్యాటరీలు పట్టేవి. కోడలు పాటలు వినే ఇంట్లో అవి నెల తిరక్కుండా అయిపోయేవి. డాబా మీద ఎండబెట్టి మళ్లీ వేస్తే ఇంకో నాలుగు రోజులు పలికేవి. చివరికి కొడుకే ఎలిమినేటర్ అనే చిన్న నల్ల డబ్బా తెచ్చాడు. దాన్ని గోడకున్న ప్లగ్గులో గుచ్చి, దాని నుంచి వచ్చే సన్నటి తీగను రేడియోకి తగిలిస్తే బ్యాటరీల పని లేదు. ఉన్న బ్యాటరీలను టార్చిలైటులో వేసేశాను.

అవి ఎనభైల నాటి రోజులు. ఫిషింగ్ హార్బరు వెనక వీధిలో ఉండేవాళ్లం. కొడుకు మరబోటు నడిపేవాడు. నేను రెండో తరగతితో బడి మాని వలలు అల్లడానికి కూర్చున్నదాన్ని. కండెకు నూలు వదులుగా చుడితే మా అమ్మ వేళ్ల మీద కొట్టేది. ఆ బిగింపు నా చేతిలో ఉండిపోయింది. ఎలిమినేటర్‌ని కూడా అలాగే చూసుకున్నాను. వార్తలు అవగానే తీగ పట్టి రేడియో నుంచి లాగేసి, డబ్బా చుట్టూ బిగించి చుట్టి, చివర దోపి, బీరువా మీది రేకుడబ్బాలో పెట్టేదాన్ని. ఎక్కడైనా తీగ వేలాడుతూ కనిపిస్తే నాకు ఒళ్లు మండేది.

ఆ ఏడు కార్తీకమాసంలో రెండు రోజులుగా ముసురు. తుఫాను దక్షిణానికి పోతోందని పొద్దున రేడియోలో చెప్పారు. బోటులో నింపిన ఐసు కరిగిపోతోంది. కొడుకు అన్నం తిని జెట్టీకి పోతూ గుమ్మంలో ఆగాడు.

"మద్దేన్నం వార్తల్లో ఏటైనా సెప్తే కబురెట్టమ్మా. నేకపోతే మూడు గంటలకి ఎలిపోతాం."

వార్తలయ్యాయి. మత్స్యకారులకు హెచ్చరిక, అన్నారు. అంతే, రేడియో ఆగిపోయింది. గదిలో లైటు వెలుగుతూనే ఉంది. రేడియోని చేత్తో చరిచాను. పలకలేదు. టార్చిలైటు విప్పితే బ్యాటరీలు కారి జిగటగా ఉన్నాయి. ఎండబెడదామంటే ఎండ లేదు. వీధి చివర టీకొట్టులో ఇంకో రేడియో ఉండేది కానీ, వానకి కొట్టు మూసేశారు. ఏం చెయ్యాలో తోచక కోడలి మీద పడ్డాను.

"పాటలిని పాటలిని తగలేసినావు కదే."

ఆమె నా పక్కనుంచి వచ్చి, తీగ డబ్బాలోంచి బయటికొచ్చే చోట రెండు వేళ్లతో పట్టుకుని పక్కకి వంచింది. రేడియో గరగరమంది. ఇంకాస్త వంచింది. హెచ్చరిక రెండోసారి చదువుతున్నారు. తుఫాను దిశ మార్చుకుంది, ఉత్తర కోస్తా వైపు వస్తోంది, ఎవరూ సముద్రం మీదికి వెళ్లొద్దు.

"ఇలగే ఒంచి పట్టుకో అత్తా, ఇంకేటైనా సెప్తారేమో. కదిపితే పోద్ది," అని తీగ నా వేళ్లకు అందించింది. "పది రోజుల్నించీ ఇదే వరస. తిడతావని సెప్పనేదు."

చెప్పులు కూడా వేసుకోకుండా వానలో పరిగెత్తింది.

గడియారంలో మూడు కావడానికి పది నిమిషాలుంది. జెట్టీకి నా నడకైతే పావుగంట, ఆమె పరుగు ఎంతో నాకు తెలియదు. రేడియోలో వేరే ఏదో మొదలైంది. అయినా నేను తీగ వదల్లేదు. వేళ్లు తిమ్మిరెక్కాయి. హార్బరు వైపు నుంచి ఇంజను చప్పుడు వచ్చింది. ఒకటా రెండా తెలియలేదు. మాదో కాదో తెలియలేదు. ఆ చప్పుడు కాసేపు గట్టిగా వినిపించి, తర్వాత సన్నగిల్లింది. బోటు దూరమైపోతే అలాగే సన్నగిల్లుతుంది. ఇంజను ఆపితే ఒక్కసారిగా ఆగాలి కదా అనుకుంటూ కూర్చున్నాను.

నాలుగవుతుంటే ఇద్దరూ తడిసి ముద్దై వచ్చారు. ఎదురుగాలికి చప్పుడు అలా వినిపించింది కాబోలు. కొడుకు తల తుడుచుకుంటూ ఒక్క మాట అన్నాడు.

"బోటు కట్టు ఇప్పేసినాం. ఇది తాడట్టుకుని ఒదల్నేదమ్మా."

కోడలి అరచేతులు ఒరుసుకుపోయి ఎర్రగా ఉన్నాయి. పసుపు నేనే రాశాను. ఆ సాయంత్రానికే గాలి పెంకులు లేపడం మొదలుపెట్టింది.

గాలీ వానా తగ్గాక ఇద్దరం ఎలిమినేటర్ పట్టుకుని రిపేరు షాపుకి వెళ్లాం. అతను తీగ మొదట్లో బ్లేడుతో పై తొడుగు కోసి చూపించాడు. లోపల రాగిపోగులు ఒక్కటొక్కటే తెగి, ఉప్పుగాలికి పచ్చగా చిలుము పట్టి ఉన్నాయి. వంచితే ఆ కొసలు ఒకదానికొకటి తగులుతాయట, వదిలితే విడిపోతాయట.

"రోజూ ఒకే కాడ మడతెట్టి లాగితే ఎన్నాళ్లుంటాదమ్మా. ఎవరింత బిగించి సుట్టింది?"

కోడలు గోడ మీది క్యాలెండరు వైపు చూస్తోంది. నేను తిట్టినప్పుడు పడినట్టే ఇప్పుడూ పడి ఊరుకునేలా ఉంది.

"నానే," అన్నాను.

కొత్తది కొనలేదు. తెగిన ముక్క కోసేసి మళ్లీ అతికించమన్నాను. రేకుడబ్బా బియ్యం కొలవడానికి పనికొచ్చింది. ఎలిమినేటర్ గోడకే ఉండిపోయింది, దాని తీగ రేడియో వెనక వదులుగా వేలాడేది. కోడలు పాటలు పెట్టుకుంటే నేనేమీ అనేదాన్ని కాదు. నోటిదాకా మాత్రం చాలాసార్లు వచ్చింది.