నేను కుట్టిన పులి

అది మంగళవారం, పొద్దున్న ఎనిమిదింబావు. రోడ్డు మీద ఏలూరు బస్సు హారన్ కొట్టడం విన్నాను, కాబట్టి టైము విషయంలో నాకు అనుమానం లేదు. కొల్లేటిలో సర్కారు వాళ్లు చేపల చెరువుల గట్లు కొట్టేసిన ఏడాది దాటి రెండు వేల ఏడు వచ్చింది. క్రిస్మస్ వెళ్లి రెండు వారాలయింది. ఆ టైముకి మా చెరువు గట్టు మీద, చేపలు తూచే కాటా స్తంభానికి, మా తమ్ముణ్ణి వలతాడుతో కట్టేసి ఉంచారు. కుడిచెయ్యి మాత్రం విడిచిపెట్టి, బోర్లించిన చేపల ట్రే మీద చాపించారు. దెబ్బ చేతి మీద పడాలి. అది మా ఊరి పద్ధతి.

ఆ పద్ధతేమిటో చెబుతాను. గట్లు కొట్టేశాక మా ఊరికి ఒక్క చెరువే మిగిలింది. అందులో పదమూడు గడపలకి వాటాలు. చేప ఎత్తుకుపోయినవాడు దొరికితే పోలీసులకి చెప్పరు. గడపకొకరు వచ్చి తలా ఒక దెబ్బ వెయ్యాలి. అందరూ కొడితే ఇక సాక్ష్యం చెప్పేవాడు ఉండడు గదా, అందుకు. కొట్టని గడపకి ఆ ఏడు చేప లేదు. మా ఆయన అప్పటికే పోయాడు. మా గడప నుంచి కొట్టాల్సింది నేనే.

మా తమ్ముడి మీద నేరం ఏమిటంటే, వాడి వీపు మీద పులి ఉంది. ఆ పులిని కుట్టింది నేను.

నాకు మిషను కుట్టడమే బతుకుతెరువు. తాడేపల్లిగూడెం వెళ్లి సాదా టీషర్టులు, దూకే పులి బొమ్మ ఉన్న గుడ్డముక్కలు తెచ్చి, వీపు మీద పెట్టి కుట్టి అమ్మేదాన్ని. పులి ఏదో పెద్ద కంపెనీది. దాని కింద ఏం రాసుందో నాకు తెలియదు. నాకు అక్షరాలు వచ్చింది యాభై ఏడో ఏట, మా పాస్టరమ్మ గారు పట్టుబట్టి నేర్పిస్తే. అది దొంగ సరుకని తెలియదా అని అడుగుతారేమో. తెలుసు. గూడెంలో అమ్మేవాడు బొమ్మల మూట మీద గోనె కప్పి ఇచ్చేవాడు. మంచి సరుక్కి గోనె ఎందుకు కప్పుతారు?

మామూలు దారం కొల్లేటి నీళ్లలో నాని పుచ్చిపోతుంది. అందుకని బొమ్మ నాలుగు మూలలా, లోపలి వైపు, వల అల్లే పచ్చ నైలాన్ దారంతో ముడేసేదాన్ని. పైకి కనపడదు.

"పులి లేకపోతే మాత్రం అది చొక్కా కాదట్రా?" అని మా తమ్ముణ్ణి ఒకసారి అడిగాను.

"భీమడోలులో రైలెక్కితే నన్ను చూసి ఎవడూ జరిగి చోటివ్వడక్కా. పులి ఉంటే జరుగుతున్నారు. 'ఎందాకండీ' అని కూడా అడుగుతున్నారు."

"అది పులేంట్రా, పిల్లిలా ఉంది."

"పిల్లయితే ఏం? అండీ అన్నారా లేదా?"

ఆ క్రిస్మస్‌కి మా పేటలో మగవాళ్లందరూ పులి చొక్కాలే కుట్టించుకున్నారు. ఆరాధనలో వెనక కూర్చుని చూస్తే పులులన్నీ మోకాళ్ల మీద ఉన్నట్టుండేది. మొత్తం ఇరవై నాలుగు కుట్టాను. ఇరవై మూడు మా పేటలో ఉన్నాయి. ఇరవై నాలుగోది చెరువు ప్రెసిడెంటు గారి అబ్బాయి కొన్నాడు. మిట్టమధ్యాహ్నం ఎవరూ లేనప్పుడు వచ్చాడు.

"ఏమ్మా, ఈ సంగతి బైటికి రాకూడదు. హైదరాబాదు షోరూంలో కొన్నానని మా నాన్నకి చెప్పాను" అన్నాడు.

"నాకెందుకు బాబూ" అన్నాను. ప్రెసిడెంటు గారు రోజూ టీ బడ్డీ దగ్గర ఆ షోరూం గురించే చెప్పారు.

ఆ మంగళవారం తెల్లారగట్ల చెరువులో ఎవడో బుట్టెడు శీలావతులు ఎత్తుకుపోయాడు. కాపలావాడు వెంటబడ్డాడు. "మంచులో మొహం కనపళ్లేదండీ. వీపు మీద పులి కనపడిందండీ" అని చెప్పాడు. అంతే, పది మంది మా పేటకి వచ్చారు. మిగతా వాళ్లకి ముందే తెలిసి చొక్కాలు పెట్టెల్లో దాచేశారు. మా తమ్ముడికి తెలియలేదు. పులి చొక్కాతో బోరింగు కొడుతూ దొరికాడు. బిందె నిండనివ్వలేదు. జుట్టు పట్టుకుని ఈడ్చుకుపోయారు.

మొదటి దెబ్బ ప్రెసిడెంటు గారిది. పడవ నడిపే గెడకర్రతో కొట్టారు. మా తమ్ముడు అరవలేదు. రెండోది కాపలావాడిది. మూడో దెబ్బకి గోళ్లు చిట్లి ట్రే మీద రక్తం చిమ్మింది. చేప రక్తమూ మనిషి రక్తమూ ఒకే రంగు, ట్రే మీద తేడా తెలియలేదు. అయిదో దెబ్బకి పచ్చి చెరుకు విరిచినట్టు చప్పుడైంది. అప్పుడరిచాడు. ఆ అరుపుకి గట్టు కింద కొంగలు లేచిపోయాయి. మనుషులు మాత్రం ఒక్కరూ కదల్లేదు.

తొమ్మిదో దెబ్బ నాది. "పైపైన వేసెయ్యమ్మా, పోతుంది" అని ఎవరో గొణిగారు. మెల్లిగానే కొట్టానని ఇన్నేళ్లూ అందరితో చెప్పుకొచ్చాను. అబద్ధం. మెల్లిగా కొడితే మళ్లీ కొట్టమంటారని గట్టిగానే కొట్టాను.

మా తమ్ముడు తలెత్తి నన్ను చూశాడు. "అక్కా, ఈ పులి నువ్వు కుట్టిందే కదే. ఎన్ని కుట్టావో చెప్పవే" అన్నాడు.

అంతవరకూ నేను చెప్పలేదు. గిరాకీ పోతుందని కొంత, చేప పోతుందని కొంత, భయం మిగతాది. గెడ కింద పారేశాను.

"ఇరవై నాలుగు కుట్టానండీ. పులిని చూసి దొంగని పట్టుకుంటే ఇరవై నాలుగు మందిని కట్టెయ్యాలి."

"నీ తమ్ముడు గనక అంటున్నావ్" అన్నారు ప్రెసిడెంటు గారు.

"అయితే మీ అబ్బాయి గారిని చొక్కా విప్పమనండి."

ఆ అబ్బాయి మోటారు సైకిలు మీద కూర్చుని, అదే చొక్కా వేసుకుని, తమాషా చూస్తున్నాడు.

"నోర్ముయ్. అది షోరూం సరుకు."

"షోరూం వాళ్లు వల దారంతో కుడతారాండీ? తిరగేసి చూడండి. నాలుగు మూలలా పచ్చ ముడి లేకపోతే నా చెయ్యి పెడతాను ట్రే మీద."

వెనకెవరో కిసుక్కున నవ్వారు. ఆ నవ్వుకే ఆయన లేచారు. కొడుకు చొక్కా తల మీదుగా లాగేసి తిరగేశారు. నాలుగు ముడులూ ఉన్నాయి. మా తమ్ముడి చొక్కా వీపు మీద చింపి చూశారు. అవే ముడులు. కాపలావాణ్ణి అడిగారు, "నువ్వు చూసింది ఏదిరా?"

"నాకు పులి మటుకే కనపడిందండీ" అన్నాడు వాడు.

ప్రెసిడెంటు గారు గెడ తీసుకుని కొడుకుని కొట్టడం మొదలుపెట్టారు. దొంగతనం మాట ఒక్కటి కూడా ఎత్తలేదు. "ఊరంతా చెప్పుకున్నాన్రా! పేటవాళ్ల చొక్కా ఏసుకుని నా పక్కన కూర్చుంటావా?" అని ఒకటే కేకలు. చెవి చిరిగి వేలాడింది. నలుగురు పట్టుకుంటేగాని ఆగలేదు.

ఈ గొడవలో ఇంకా కొట్టని నాలుగు గడపల వాళ్లలో ఒకాయన ముందుకొచ్చి, "మా వంతు రాలేదు గదండీ, మరి మా చేప సంగతేంటి?" అన్నాడు. నేను మా తమ్ముడి కట్లు పళ్లతో విప్పుతున్నాను. ఆ మాట చెవిన పడింది. ఇప్పటికీ పోలేదు.

ఏలూరు ఆస్పత్రిలో మా తమ్ముడు పడవలో జారిపడ్డానని చెప్పాడు. చెయ్యి బయటికి తియ్యడానికి నర్సమ్మ కత్తెర పెట్టబోతే, "చొక్కా కొయ్యకండమ్మా" అని ఏడ్చాడు. చెయ్యి విరిగినప్పుడు అంత ఏడవలేదు. మూడు వేళ్లు ఇక ముడుచుకోలేదు. వల లాగే చెయ్యి అది. నేను ఆస్పత్రి నుంచి వచ్చేసరికి నా మిషను మురుగు కాలవలో ఉంది. అడగడానికి వెళ్తే ప్రెసిడెంటు గారి అబ్బాయి, చెవికి కట్టుతోనే, నా మొహం మీద గుద్దాడు. ముందు పన్ను ఒకటి పోయింది. అసలు దొంగెవడో ఈనాటికీ తెలియదు.

మా తమ్ముడు ఆ వేసవిలో ఏలూరు బజార్లో ఇంకో పులి చొక్కా కొనుక్కున్నాడు. నాకు ఒళ్లు మండింది.

"ఇంకా బుద్ధి రాలేదురా? రైల్లో ఇప్పుడూ జరుగుతున్నారా?"

"జరుగుతున్నారక్కా. ఇప్పుడు చెయ్యి చూసి జరుగుతున్నారు" అన్నాడు.

అందరూ కొట్టింది ఎవరూ చెప్పకూడదనే. అందుకే చెబుతున్నాను. పేర్లు వద్దని మా తమ్ముడు అడ్డం పడ్డాడు, సరే. పేర్లు లేకపోయినా చదివితే ఎవరిది వాళ్లకి తెలుస్తుంది. కొట్టిన వరసలోనే రాస్తున్నాను. చెరువు ప్రెసిడెంటు గారు. కాపలావాడు. ఐసు లారీ ఆయన. టీ బడ్డీ ఆయన. చెయ్యి విరగ్గొట్టిన అయిదో దెబ్బ రిటైరైన మాస్టారిది. ప్రెసిడెంటు గారి బావమరిది. పడవలు చేసే వడ్రంగి. మా సంఘ పెద్ద, తన పులి చొక్కా పెట్టెలో దాచుకుని వచ్చినవాడు. వంతు రాని వాళ్లు నలుగురు: తవుడు కొట్టాయన, ఆయన తమ్ముడు, సైకిలు షాపాయన, చేప సంగతి అడిగిన ముసలాయన. మోటారు సైకిలు మీద ప్రెసిడెంటు గారి అబ్బాయి. మా పాస్టరు గారికి వాటా లేదు, కొట్టలేదు. గట్టు చివర కళ్లు మూసుకుని ప్రార్థన చేస్తూ నిలబడ్డారు. ఆయన కూడా ఉన్నట్టే లెక్క. కాటా స్తంభానికి మా తమ్ముడు. తొమ్మిదో దెబ్బ కొట్టిన నేను.