ఐదు పేర్లు చదివిన ఒలేటా

మా వదిన ఒలేటా అలబామాలో మా ఊరి బడిలో ఇరవై రెండేళ్లుగా వంటమనిషి. మా అన్నయ్య హర్షెల్‌కు మోకాళ్లు పాడయ్యాక ఇద్దరూ ప్రూయెట్ అనే అతను ఇళ్లు అద్దెకిచ్చే స్థలానికి మారారు. చక్రాల మీద నిలబెట్టిన రేకు ఇళ్లు ముప్ఫై, వాటి మధ్య సుడిగాలి వస్తే తలదాచుకోవడానికి ఒక కాంక్రీటు గది.

ఆ ఏప్రిల్ బుధవారం ఒక్కరోజే మా చుట్టుపక్కల తొమ్మిది సుడిగాలులు దిగాయి. మూడోది ప్రూయెట్ స్థలం మీదుగా పోయింది. సైరన్ మోగగానే అన్నయ్య కర్ర ఊతంతో గది దాకా చేరాడు. తలుపుకు తాళం. లోపల ప్రూయెట్ తన పడవ ఇంజన్లు దాచుకున్నాడు. ఆ తలుపు ముందే అన్నయ్యతో కలిపి ఐదుగురు పోయారు. ఆ సమయానికి వదిన బడి నడవాలో పిల్లల తలల మీద వంటింటి పళ్లాలు బోర్లించి, వాళ్ల మీదకు వంగి ఉంది. పిల్లలందరూ దక్కారు.

అలాంటి గది ఉండి తీరాలని చట్టంలో లేదని, ప్రూయెట్ మీద మేం వేసిన కేసు కొట్టేశారు. కోర్టు మెట్లు దిగుతూ వదిన ఏడవలేదు.

"వీడు బతికుండగా ఇంకో ఇల్లు అద్దెకివ్వడు. చూస్తూండు," అంది.

అన్నంత పనీ చేసింది. ప్రూయెట్ కొత్త స్థలానికి ఎక్కడ అనుమతి అడిగినా, ఆ కౌంటీ, అంటే జిల్లా, అధికారులు పెట్టే సభలో వదిన ముందు వరసలో కూర్చునేది. లేచి ఐదు పేర్లూ, వయసులూ చదివేది. చివరి పేరు నాలుగు నెలల పాపది. మూడు కౌంటీల్లో అతనికి అనుమతి దొరకలేదు. చర్చిలో అతని పక్కన కూర్చునేవాళ్లు కరువయ్యారు.

ఆరో ఏడు అతనే మా వదిన ఇంటికి వచ్చాడు. టోపీ చేత్తో పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాడు. నేను బెండకాయలు తరుగుతున్నాను.

"ఒలేటా గారూ, నా భార్య వెళ్లిపోయింది. స్థలం అమ్మేశాను. ఇకనైనా నన్ను వదిలెయ్యండి."

"ఇంజన్లు బాగున్నాయా?"

"ఏంటండీ?"

"నీ పడవ ఇంజన్లయ్యా! ఒక్క గీత కూడా పడలేదటగా."

"తాళం సంగతి మర్చిపోయానండీ. దేవుడి మీద ఒట్టు."

"మా ఆయన గుర్తు చేశాడుగా, బాది బాది. పిడికిళ్ల మీద తోలు లేదు. ఆ చేతులు కడిగింది నేనే."

అతను ఏడ్చేశాడు. నాకు జాలేసింది, అబద్ధమెందుకు. కుర్చీ జరపబోయాను. వదిన నా మణికట్టు పట్టుకుంది.

"అక్కడే ఉండనీ. గుమ్మం బయట నిలబడితే ఎలా ఉంటుందో తెలియాలి."

కాసేపటికి వెళ్లిపోయాడు. ఇప్పుడు టెనెసీలో, వాళ్ల అక్క పెరట్లో, ఒక రేకు ఇంట్లో ఉంటున్నాడని విన్నాం.

మొన్న ఏప్రిల్‌లో మళ్లీ, సుడిగాలికి ముందు మారినట్టే, ఆకాశం ఆకుపచ్చగా మారింది. టీవీలో వాతావరణ పటం వేస్తే వదిన మా కౌంటీ వైపు చూడలేదు. టెనెసీలో ప్రూయెట్ ఉండే చోటు మీద సుడిగాలి హెచ్చరిక ఎరుపు కమ్ముకుంటోంది.

"ప్రార్థన చేద్దామా వదినా?" అన్నాను.

"నువ్వు చేసుకో," అంది, కుర్చీ టీవీకి దగ్గరగా లాక్కుంటూ. "నేను చూస్తాను."