ప్రధానం పళ్ళెంలో ప్రేమ నవల

మా చెల్లెలి పెళ్ళి ఒక నవల వల్ల ఆగిపోబోయింది. ఆ నవల నేను రాయలేదు. కానీ దాన్ని పళ్ళెంలో పెట్టి, పాస్టరు గారి చేత ప్రార్థన చేయించి, మగపెళ్ళివారి చేతికి అందించిన ఘనుణ్ణి మాత్రం నేనే. పెళ్ళికి వెళ్తూ పిల్లిని చంకన పెట్టుకెళ్ళినవాణ్ణి లోకం వెక్కిరిస్తుంది గానీ, పిల్లి నయం. దారిలో దూకి పారిపోతుంది.

నేను నందిగామలో లెక్కల మాస్టారిని. ఇంటర్ చదివే రోజుల నుంచి ఒకే రచయిత్రి ప్రేమ నవలలు చదువుతున్నాను. ఆమె పేరు చెప్పను. నాకు చేసిన ద్రోహానికి ఆ మాత్రం ప్రచారం కూడా ఆమెకి దక్కకూడదు. ఆమె నవలలో ఎన్ని అపార్థాలు వచ్చినా, ఎన్ని వానలు కురిసినా, చివరి పేజీలో పెళ్ళి ఖాయం. రెండు రెళ్ళు నాలుగెంత ఖాయమో అంత.

నందిగామలోనే ఉద్యోగం చేసే మా చెల్లి స్టెల్లాకి కాబోయే అత్తగారు ఎస్తేరమ్మ గారు. జగ్గయ్యపేటలో తెలుగు టీచరుగా చేసి రిటైరయ్యారు. పెళ్ళిచూపుల నాడు నన్ను చూసి, "లెక్కల మాస్టార్లు పుస్తకాలేం చదువుతార్లెండి!" అన్నారు. అందరూ నవ్వారు. ఎవరెవరు నవ్వారో నాకు ఇప్పటికీ గుర్తే.

మా వైపు ప్రధానంలో, అంటే నిశ్చితార్థంలో, ఉంగరాలతో పాటు బైబిలూ పాటల పుస్తకమూ కూడా మార్చుకుంటారు. ఆ రెండింటి కింద, రంగు కాగితం చుట్టి, ఎస్తేరమ్మ గారి మాటకి జవాబుగా నా రచయిత్రి కొత్త నవల పెట్టాను. ఆవిడకొకటి, నాకొకటి తెప్పించాను. రెండూ ఆ ఉదయమే వచ్చాయి.

"చదవకుండా ఇస్తున్నావా అన్నయ్యా?" అంది స్టెల్లా.

"ఆమె నవలని చదివి చూడాలా? అట్ట మీద పేరు చాలు."

పాస్టరు గారు పళ్ళెం మీద చెయ్యి ఉంచి కళ్ళు మూసుకున్నారు. "ప్రభువా, ఈ పుస్తకాల్లోని మాటల ప్రకారమే ఈ బిడ్డలు నడుచుకొనునట్లు కృప చూపుము."

అందరూ "ఆమేన్" అన్నారు. అందరికంటే గట్టిగా అన్నది నేను.

మర్నాడు మధ్యాహ్నం స్టాఫ్ రూములో నా కాపీలో చివరి అధ్యాయానికి వచ్చాను. తాళి కట్టడానికి అరగంట ముందు హీరోయిన్ లేచి, "నన్నెవరూ అడగలేదు" అని, పట్టుచీరతోనే బస్సెక్కి వెళ్ళిపోయింది. పేజీ తిప్పాను. వెనక ప్రచురణకర్తల ప్రకటన. ఇంకో అధ్యాయం ఇరుక్కుందేమోనని అట్ట కూడా వంచి చూశాను. ఏళ్ళ తరబడి ఇడ్లీ తిన్న హోటల్లో ఇడ్లీ అడిగితే వేపాకు పచ్చడి పెట్టినట్టయింది.

ముందు కోపం వచ్చింది. తర్వాత ఆమేన్ గుర్తొచ్చింది.

సాయంత్రానికల్లా జగ్గయ్యపేటలో ఉన్నాను.

"వందనాలండి అత్తయ్యగారూ. ఆ పుస్తకంలో పేజీలు తప్పు పడ్డాయంట. మార్చి ఇస్తా."

"సగం దాకా వచ్చా బాబూ, శుభ్రంగానే ఉందే!"

"తప్పు చివర్లోనండి."

"అయితే చివర్లో ఏమవుద్దో నువ్వే చెప్పు, సరిపోద్ది."

"పెళ్ళండి."

"ఇంకేం మరి! ప్రార్థన చేసిన పుస్తకాన్ని ఎట్టా మారుస్తాం? కూర్చో, కాఫీ తాగు."

ఆ కాఫీలో పంచదార లేదు. అదీ నాకు గుర్తే.

రెండు రోజుల తర్వాత ఫోను. "మాస్టారూ, మీ చెల్లెల్ని తీసుకుని ఒకసారి రండి." మొన్నటి బాబు నేటికి మాస్టారయ్యాడు.

వెళ్ళేసరికి నవల బల్ల మీదుంది. ఆవిడ పక్కనే పెళ్ళికొడుకు వినయ్. ముక్త్యాల సిమెంటు ఫ్యాక్టరీ నుంచి తిన్నగా వచ్చినట్టున్నాడు, బూట్ల దుమ్ము కూడా దులుపుకోలేదు.

"పెళ్ళన్నావు. ఇదేం పెళ్ళి?" అన్నారు ఎస్తేరమ్మ గారు. "మీకీ సంబంధం ఇష్టం లేకపోతే నోటితో చెప్పొచ్చుగా! పుస్తకంలో పెట్టి పంపుతారా? ఆ పిల్లలాగే మీ పిల్లా బస్సెక్కితే, మావాడు చర్చిలో నిలబడి ఎవరికి తొడగాలి ఉంగరం?"

నా ముందు రెండు దారులున్నాయి. చదివి ఇచ్చానంటే దుర్మార్గుణ్ణి, చదవకుండా ఇచ్చానంటే మూర్ఖుణ్ణి.

"నేను చదవలేదండి," అన్నాను.

"చూశావా, లెక్కల మాస్టార్ల గురించి నేనన్నది తప్పేం కాదు."

నా నెత్తిన ఆ మాట వేసి, ఆవిడ స్టెల్లా వైపు తిరిగారు. "ఈయన సంగతి వదిలెయ్యమ్మా. నిన్నెవరన్నా అడిగారా?"

స్టెల్లా నా వైపు చూసింది. నేను ఫ్యాను వైపు చూశాను. వినయ్ జీతం అడిగాను, సెలవులు అడిగాను, బాప్తిస్మం ఎక్కడ తీసుకున్నాడో అడిగాను, బ్లడ్ గ్రూపు కూడా అడిగాను. ఎవరినడగాలో వాళ్ళనొక్కరినే వదిలేశాను.

"లేదండి," అంది స్టెల్లా.

"ఇప్పుడు నేనడుగుతున్నా. మావాడంటే ఇష్టమేనా?"

స్టెల్లా వినయ్ బూట్ల మీది దుమ్ము వైపు ఒకసారి చూసింది. పరీక్ష ఫలితాల కోసం వచ్చిన పిల్లాడిలా వినయ్ లేచి నిలబడ్డాడు.

"ఇష్టమేనండి. కానీ నా ఉద్యోగం మాననండి. రోజూ నందిగామ వెళ్ళొస్తా."

"మానమని ఎవరన్నారు?" అన్నాడు వినయ్.

"మీ అమ్మగారు మా అన్నయ్యతో అన్నారంట. ఆయన సరేనన్నాడంట."

ఈసారి ఫ్యాను వైపు చూడటం ఎస్తేరమ్మ గారి వంతయింది. "అన్నాన్లే. వెనక్కి తీసుకుంటున్నా," అన్నారు.

ఇంటికొచ్చి ఆ చివరి అధ్యాయం మళ్ళీ చదివాను. మొదటిసారి నాకు బస్సొక్కటే కనిపించింది. ఎక్కే ముందు ఆ పిల్ల గుమ్మంలో ఆగి, అప్పుడైనా ఎవరైనా అడుగుతారేమోనని ఒక్కొక్కరి ముఖంలోకీ చూసిందని కూడా రాసి ఉంది. ఆ ముఖాల్లో నాదొకటి ఉన్నట్టనిపించింది.

పెళ్ళి బాగా జరిగింది. భోజనాల దగ్గర ఎస్తేరమ్మ గారు అందరికీ వినపడేలా, "మా కోడలు నోరు విప్పిందంటే ఈ నవల చలవే. సంఘంలో పెళ్ళీడు పిల్లలందరికీ తలొకటి తెప్పించండి మాస్టారూ!" అన్నారు. నేను నానా తిట్లూ తిట్టుకున్న నవలకి రెండు ఊళ్ళలోనూ నేనే ఏజెంటునయ్యాను.

కాబట్టి పాఠకుల సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట చివరి పేజీ చూడకుండా ఏ నవలనీ ఎవరి చేతిలోనూ పెట్టను. పిల్లని అడక్కుండా ఏ సంబంధానికీ సరేననను. రచయిత్రిని మాత్రం చచ్చినా క్షమించను. పట్టుచీరతో అంత దూరం వెళ్ళిన పిల్లకి బస్సులో సీటు దొరికిందో లేదో ఒక్క ముక్క రాయలేదు!