అమ్మ ఏరిన జవాబులు

నిన్న నేను చెప్పే ట్యూషన్‌కు ఓ పిల్ల మిరప కల్లం నుంచి నేరుగా వచ్చింది. ఆ ఘాటుకు తుమ్ము ఆపుకుంటుంటే నా పరీక్ష గుర్తొచ్చింది.

గురుకులంలో సీటు కోసం రాసిన పరీక్ష అది. ఒకే ఇంగ్లీషు వాక్యాన్ని నాలుగు రకాలుగా ఇచ్చి, సరైన వాడుక ఉన్నది గుర్తించమనేవాళ్లు. సాయంత్రాలు కల్లంలో అమ్మ రంగు చెడిన తాలుకాయలు ఏరుతుంటే, నేను పక్కన కూర్చుని నాలుగూ పైకి చదివేదాన్ని. కాయ ఎండిందో లేదో చెవి దగ్గర ఆడించి చూస్తూనే, "రెండోది పెట్టు" అనేది. పుస్తకం చివరి పేజీలో జవాబులు చూస్తే దాదాపు ఎప్పుడూ అమ్మ చెప్పిందే ఒప్పు. అమ్మకు ఇంగ్లీషు వచ్చనీ, ఎందుకో దాస్తోందనీ అనుకున్నాను.

పరీక్ష హాల్లో అమ్మ లేదు. 'గుడ్ ఎట్', 'గుడ్ ఇన్', 'గుడ్ ఆన్', 'గుడ్ విత్'... నాలుగూ ఒకేలా కనపడ్డాయి. మెల్లగా పైకి చదవబోయాను.

"నోరు మూసుకుని రాయి," అన్నారు మాస్టారు.

ఆ ప్రశ్నలన్నీ వదిలేశాను. గేటు దగ్గర అమ్మ కనపడగానే కోపం ఆగలేదు.

"నీకొచ్చిన ఇంగ్లీషు నాకెందుకు నేర్పలేదు?"

అమ్మ బిత్తరపోయింది.

"నాకు ఇంగ్లీషెక్కడిదే? నువ్వు ఏది తడబడకుండా చదివితే ఆ నంబరు చెప్పేదాన్ని."

ఆ ఏడు సీటు రాలేదు.

నిన్న ఆ పిల్ల అలాంటి ప్రశ్నల పుస్తకమే తెచ్చి, జవాబు చెప్పమంది. పుస్తకం తన చేతికే ఇచ్చి, నేను కిటికీ వైపు తిరిగి కూర్చున్నాను.

"నాలుగూ పైకి చదువమ్మా," అన్నాను.